గునుగు పూతకాలంలో అన్న కండ్లు

మా బడంగ్‌పేట్ అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ ప్లాట్లున్నాయి. వానాకాలం వెళ్తూ వెళ్తూ అక్కడ నడుమెత్తు గడ్డి వదిలిపోతుంది. నిన్న పొద్దున ఇద్దరు మనుషులు భుజాలకు మిషన్లు తగిలించుకొని వచ్చి ఆ గడ్డినంతా కోశారు. పచ్చివాసన మా బాల్కనీ దాకా ఎగదన్నింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మా పక్కింటావిడ "అచ్చం మా ఊరి వాసనండీ" అని గట్టిగా పీల్చుకొంది. నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. ఆ వాసన తగిలితే నాకు ముందు మా అన్న తుమ్ములు వినిపిస్తాయి, ఆ వెనకే ఆయన కండ్లు కనిపిస్తాయి.

మాది ఇబ్రహీంపట్నం. బస్టాండు నుంచి పెద్ద చెరువు దిక్కు పోయే తోవలో, ఊరు అయిపోయి చేన్లు మొదలయ్యే చోట మా ఇల్లు. ఇంటి ముందర రేకుల గదిలో బాపు పిండిగిర్ని నడిపేవాడు. పొద్దెక్కిందంటే చాలు, తలల మీద డబ్బాలు, చంకల్లో సంచులు పెట్టుకొని ఆడవాళ్లు వచ్చేవాళ్లు. జొన్నలు, గోధుమలు, బియ్యం, సెనగపప్పు, ఎండాకాలమైతే తొక్కుల కోసం ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ములు, వాటికి పక్కనే వేరే కారం మిషను. బెల్టు తిరగడం మొదలవగానే గోడలు, గోడకున్న దేవుని పటాలు, మేం కూర్చున్న అరుగు అన్నీ సన్నగా వణికేవి. బాపు కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి. గొట్టం కింద చెయ్యి పెట్టి, వేడి వేడి పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంక జర మెత్తగ రావాలె" అని తనలో తనే అనుకుంటూ రాయి బిగించేవాడు. తమ వంతు కోసం కూర్చున్న వాళ్లలో ఎవరింట్లో పెండ్లో, ఎవరింట్లో పురుడో ఆయనకు పిండిని బట్టే తెలిసిపోయేది. ఊరి ముచ్చట్లన్నీ ఆ చప్పుడులోనే, గొంతు చించుకొని చెప్పుకొనేవాళ్లు. కరెంటు పోతే ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమై, అరుస్తున్న మాట సగంలో బయటపడి అందరూ నవ్వేవాళ్లు.

అన్న పేరు శ్రీశైలం. నాకంటే నాలుగేండ్లు పెద్ద. పొద్దున కండ్లు తెరవకముందే ఆయనకు తుమ్ములు మొదలయ్యేవి. ఒకటి వచ్చిందంటే వరసగా వస్తూనే ఉండేవి, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి కూడా సందు దొరికేది కాదు. తుమ్ములు ఆగాక నీళ్లలాంటి చీమిడి ధార కట్టేది. అంగిలి దురద పెడితే నాలుకతో గీరుకుంటూ గొంతులో ఒక వింత చప్పుడు చేసేవాడు, దాన్ని అనుకరించి నేను దెబ్బలు తిన్నాను. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకోవడం ఆయనకు ఎంత అలవాటంటే, ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడిపోయింది. ముక్కు అయిపోగానే కండ్ల వంతు. పిడికిళ్లు కండ్లలో పెట్టి గిరగిర తిప్పేవాడు. రుద్దినకొద్దీ దురద ఎక్కువయ్యేది, ఎక్కువైనకొద్దీ రుద్దేవాడు. రెప్పలు ఉబ్బి, తెల్లగుడ్డు మాసిన ఎరుపు రంగుకు తిరిగి, మూలల్లోంచి తీగలా సాగే పుసి వచ్చేది. ఎండను చూడలేకపోయేవాడు. అందరు పిల్లలూ మిట్టమధ్యాహ్నం చిర్రగోనె ఆడుతుంటే ఈయన అమ్మ తువ్వాల నెత్తి మీద కప్పుకొని, కింది చూపుతో గోడ నీడ పట్టుకొని నడిచేవాడు.

ఏడాదంతా ఎంతో కొంత ఉండేది కానీ, వానలు తగ్గి గడ్డి పూతకొచ్చే కాలంలో మాత్రం మరీ ఎక్కువ. అదే బతుకమ్మ కాలం. మా ఇంటి వెనక మొదలై చెరువు దాకా బీడు భూముల్లో గునుగు పూసేది, మొనలకు లేత గులాబీ రంగు అంటిన తెల్లటి కంకులు గాలికి అలలు అలలుగా ఊగేవి. కట్ట పొడుగునా తంగేడు. బతుకమ్మను పేర్చేది అమ్మ, పూలు తెచ్చే పని అన్నది. ఆయన తెచ్చినంత గునుగు మా వాడకట్టులో ఎవరూ తెచ్చేవాళ్లు కాదు. నడుము దాకా పూతలో మునిగి, కొడవలితో కోసి, మోపు కట్టి నెత్తిన పెట్టుకొని వచ్చేవాడు. మోపు దించేసరికి ఆయన ముఖం చూడలేకపోయేవాళ్లం. అయినా గునుగు చివరలు కత్తిరించి, సర్వల్లో కలిపిన ఎర్ర రంగు, ఆకుపచ్చ రంగుల్లో ముంచి, అరుగు మీద ఆరబెట్టే దాకా నా పక్కనే కూర్చొని తుమ్ముతూనే ఉండేవాడు. ఒంటి మీదంతా రంగు నీళ్లు, లోపలి నుంచి నువ్వుల సత్తు దంచుతున్న వాసన, మలీద ముద్దల కోసం రొట్టెలు కాలుతున్న వాసన. అమ్మ బయటికొచ్చి, "నువ్వు పోకురా అంటె ఇనవు. పూలు బజార్ల కొనుక్కొస్తం" అనేది. అన్న కండ్లు రుద్దుకుంటూ, "బజార్ల పూలు వాడిపోయి ఉంటయమ్మా" అనేవాడు.

బడిలో ఆయనకు కండ్లకలక అని పేరు పడింది. కొత్తగా వచ్చిన సారు ఒకాయన ఆయన కండ్లు చూసి, అంటుకుంటుందని, తగ్గే దాకా రావద్దని ఇంటికి పంపించాడు. అది తగ్గేది కాదని, అంటుకునేది కాదని చెప్పేందుకు మా దగ్గర మాటలు లేవు. తిరిగి బడికి పోయేసరికి బెంచీ మీద ఆయన పక్కన కూర్చునే పిల్లవాడు జరిగిపోయాడు. ఇంటికొచ్చి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాకు మాత్రం చెప్పాడు. "నన్ను సూస్తెనే అంటుకుంటదట చెల్లె" అన్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులు మాతో తింటున్నప్పుడు కూడా తల వంచుకొనే తినేవాడు.

ఎవరికి తోచిన మందు వాళ్లు చెప్పారు. రాత్రి పడుకునేటప్పుడు అమ్మ నందివర్ధనం పూలు తడిపి కండ్ల మీద పెట్టి గుడ్డ కట్టేది. బాలింత ఇంటికి పోయి గిన్నెలో పాలు అడిగి తెచ్చి చుక్కలు వేసింది. ముక్కుకు వాము కాపడం, పసుపు కొమ్ము పొగ. పొగ పెట్టినప్పుడు ఆయన ఊపిరాడక చేసిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. చివరికి తప్పంతా గిర్ని మీదికి వచ్చింది. ఇంట్లో పొద్దస్తమానం కారం గాలి తిరుగుతుంటే తుమ్మక ఏం చేస్తాడు అని పిండికి వచ్చినవాళ్లే అనడం మొదలుపెట్టారు. పెద్దమ్మ ఒకనాడు బాపు ముందర కూర్చొని, "గీ కారం గిర్నితోనె పోరనికి గిట్లయితున్నది. ముందు గది బంద్ జెయ్యి" అంది. బాపు వారం తిరిగేసరికి కారం మిషను ఊడదీసి, లారీ ఎక్కించి పంపేశాడు. అది ఉన్న చోట నేల మీద ఎర్రటి గుండ్రని మరక ఉండిపోయింది, అమ్మ ఎన్నిసార్లు కడిగినా పోలేదు. ఆ ఎండాకాలం ఆడవాళ్లు మిరపకాయలు తీసుకొని ఇంకో గిర్నికి పోయారు, పోయినవాళ్లు పిండి కూడా అక్కడే పట్టించుకోవడం మొదలుపెట్టారు. బాపు బెల్టు దగ్గర స్టూలు వేసుకొని ఖాళీగా కూర్చునేవాడు. అన్న తుమ్ములు తగ్గలేదు.

అప్పుడు ఊరి గాలి మార్చాలన్నారు. కందుకూరులో మా అమ్మమ్మ ఇంట్లో ఉంచి అక్కడి బడిలో వేశారు. అమ్మమ్మ వాళ్లది వ్యవసాయం. ఇంటి ముందర కొట్టం, కొట్టం పక్కన గడ్డివాము, ఇంటి చుట్టూ జొన్న చేన్లు. చల్లటి గాలి, స్వచ్ఛమైన గాలి అని అందరం అనుకున్నాం. జొన్న పూతకొచ్చాక ఒకనాటి మధ్యాహ్నం మామ సైకిలు మీద కూర్చోబెట్టుకొని అన్నను తీసుకొచ్చి దించాడు. రెండు రెప్పలూ ఉబ్బి మూతపడి ఉన్నాయి. ముక్కు పూర్తిగా దిబ్బడ వేసి నోటితో ఊపిరి తీస్తున్నాడు. మామ చేతులు కట్టుకొని బాపు ముందర నిలబడి, "మేం మంచిగనె సూసుకున్నం బావా" అన్నాడు. బాపు గిర్ని గది దిక్కు చూశాడు. కారం మిషను పోయి అప్పటికి చాలా కాలమైంది. తప్పు దానిది కాదని ఆ క్షణంలో ఆయనకు తెలిసినట్టుంది. కానీ ఎవరిదో తెలియలేదు.

ముక్కుకు ఒక చోట, కంటికి ఇంకో చోట వైద్యం మొదలైంది అప్పుడే. తుమ్ములకు మా వాడకట్టు ఆర్‌ఎంపీ డాక్టరు పసుపుపచ్చ గోలీలు ఇచ్చేవాడు. అవి వేసుకుంటే అన్న తుమ్మడం మాని బడిలో బెంచీ మీద తల పెట్టి నిద్రపోయేవాడు. అందుకని వాటిని నెమ్మదిగా మానేశారు. తుమ్ములకు ఎవరు చచ్చిపోతారు, వాటంతట అవే పోతాయి అన్నారు. కంటికి మాత్రం భయపడ్డారు. బస్టాండు దగ్గర మెడికల్ షాపు నడిపే ఒకాయన బాపుకు బాగా తెలిసినవాడు. మా గిర్నిలోనే పిండి పట్టించుకునేవాడు. అన్న కండ్లు చూసి ఒక చిన్న సీసా ఇచ్చాడు. పాల లాంటి తెల్లటి మందు, వేసుకునే ముందు బాగా ఊపాలి. "పొద్దుమాపు ఏయుండ్రి. రెండు దినాలల్ల సూడుండ్రి" అన్నాడు.

రెండు రోజులు కూడా పట్టలేదు. మర్నాడు పొద్దున అన్న లేచి, తుమ్మి, పిడికిలి కంటి దాకా తీసుకుపోయి ఆగిపోయాడు. దురద లేదు. అద్దం ముందుకు పోయి నిలబడ్డాడు. తెల్లగుడ్డు తెల్లగా ఉంది. మా అన్న కండ్లు ఎంత బాగుంటాయో నేను చూసింది అప్పుడే. అమ్మ ఆ సీసాను దేవుని అరలో, పసుపు కుంకాల పక్కన పెట్టింది.

ఆ తర్వాత వచ్చిన ఏండ్లు మా ఇంట్లో మంచి ఏండ్లు. అన్న తువ్వాల లేకుండా ఎండలో తిరిగాడు, చెరువు నీళ్లు తగ్గితే ఆ మట్టిలో క్రికెట్ ఆడాడు, గునుగు మోపులు మోశాడు. సీసా అయిపోతే తనే పోయి ఇంకోటి తెచ్చుకొనేవాడు. మానేస్తే నాలుగు రోజుల్లో దురద తిరిగొచ్చేది, వేస్తే పోయేది. కొన్నాళ్లకు చొక్కా జేబులో పెన్ను పక్కన సీసా లేకుండా బయటికి పోయేవాడు కాదు. తుమ్ములు మాత్రం అట్లాగే ఉండేవి. వాటిని ఎవరమూ పట్టించుకోలేదు.

ఆయన క్రికెట్ మానేసినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. పక్క నుంచి వచ్చే బంతి కనబడడం లేదని, ఒకసారి చెవి మీద తగిలాక ఆపేశాడు. ఇంట్లో నడుస్తుంటే తలుపు రెక్క భుజానికి కొట్టుకొనేది. వీధి దీపం చుట్టూ రంగుల గుండ్రాలు కనిపిస్తున్నాయని ఒకసారి నాతో అన్నాడు, బాగుంటాయని కూడా అన్నాడు. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఎదురుగా ఉన్నది స్పష్టంగానే కనిపించేది. కండ్లు బాగయినాయని నమ్మిన ఇంట్లో ఎవరికి భయం వేస్తుంది.

అన్న ఐటీఐ చదివాడు. మాకు దగ్గరలోనే రావిర్యాల దిక్కు కొత్త కంపెనీలు వస్తున్న కాలం అది. ఒక కంపెనీ ఆయన్ని ఫిట్టరుగా తీసుకుంది. చేరేముందు వైద్య పరీక్షలు చేయించుకోవాలన్నారు. కంటి పరీక్ష చేసినాయన ఎడమ కన్ను మూసి చూపించినప్పుడు అన్న అక్షరాలు చదివాడు. కుడి కన్ను మూసి చూపించినప్పుడు, ముఖం అటూ ఇటూ తిప్పి, "చార్టు ఏడుంది సార్" అని అడిగాడట.

బాపు, అమ్మ, నేను, అందరం కలిసే నగరంలో పెద్ద కంటి దవాఖానకు పోయాం. రోజంతా ఒక గది నుంచి ఇంకో గదికి తిప్పి, కండ్లలో చుక్కలు వేసి, కంటి మీద ఏదో ఆనించి కొలిచి, చివరికి ఒక డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. కండ్లకు ఏం మందు వాడుతున్నారని అడిగింది. అన్న జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఎన్నాళ్ల నుంచి అని ఆమె అడిగితే బాపు ముందుకు వంగి జవాబు చెప్పాడు.

"చిన్నప్పటి సంది మేడం. గదే మా పోరన్ని కాపాడింది."

ఆమె సీసాను చేతిలోకి తీసుకొని మళ్లీ అక్కడే పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఇది స్టెరాయిడ్ మందు, డాక్టరు కనిపెట్టి చూస్తూ కొద్ది రోజులు మాత్రమే వాడాలి, ఏండ్ల తరబడి వేస్తే కొందరికి కంటి లోపల ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషర్ చూపు నరాన్ని కొంచెం కొంచెంగా చంపుతుంది, నొప్పి ఉండదు, చుట్టూ చూపు పోయి మధ్యది చివరికి పోతుంది, దీన్నే నీటికాసులు అంటారు. ఎడమ కంటిలో ఇంక మిగిలింది చాలా తక్కువ, కుడి కంటిలో సగం పోయింది.

ఆ తర్వాత ఆమె తుమ్ముల గురించి అడిగింది. చిన్నప్పుడు ముక్కు కారేదా, పొద్దున పూట తుమ్ములు వచ్చేవా అని. అమ్మ వెంటనే, "వస్తుండె మేడం. గని గవి ముక్కువి, గవి వేరె" అంది.

"వేరే కాదమ్మా" అంది డాక్టరమ్మ. "గడ్డి పూల పుప్పొడి, దుమ్ము పడకపోవడం అన్నది ఒకటే జబ్బు. ముక్కులోకి పోతే తుమ్ములు, కంట్లో పడితే దురద. ముక్కు లోపల వాపు ఉన్నంతకాలం కన్ను కూడా నెమ్మదించదు, ఆ రెంటికీ లోపల సంబంధం ఉంది. ముక్కు అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి కండ్ల బాధ కూడా ఉంటుంది. ముక్కుకు సరైన మందు వాడి, పూతకాలంలో చేన్లలోకి పోకుండా చూసుకొని ఉంటే, కంటికి ఇంత మందు పట్టేది కాదేమో."

అమ్మకు అందులో ఒక్క మాటే అందింది. "అయితె ఇప్పుడు ముక్కుకు రాసియ్యుండ్రి మేడం. ఎక్కడ దొరికినా తెస్తం" అంది.

"రాసిస్తాను. కానీ పోయిన చూపు దాంతో రాదమ్మా. దేంతోనూ రాదు."

బాపు అప్పటిదాకా వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. కుర్చీలో వెనక్కి ఆనుకోవడం మరిచిపోయినట్టున్నాడు. అన్న మాత్రం, "నాకు కంపెనీల జాయినింగ్ ఉన్నది మేడం, సోమవారం" అన్నాడు, అదొక్కటే సమస్య అన్నట్టు.

ఆపరేషన్లు చేశారు. ఉన్నది నిలబెట్టడానికే తప్ప పోయింది తేవడానికి కాదని ముందే చెప్పారు. ఎడమ కన్ను ఆ ఏడాదే పూర్తిగా పోయింది. కుడి కన్ను కొన్నేండ్లు నిలబడి, అది కూడా సన్నగా, ఇంకా సన్నగా అయి, చివరికి పూర్తిగా పోయింది. మెడికల్ షాపు ఆయన సంగతి తెలిసి ఒకరోజు మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చొని నేల చూస్తూ, "నా బిడ్డకు గూడ గదే ఏసిన అన్నా. నాకు తెల్వది" అన్నాడు. బాపు ఆయన మీద అరుస్తాడేమోనని నేను తలుపు వెనక నిలబడ్డాను. బాపు అరవలేదు. "ముందు బిడ్డను తీస్కపోయి సూపియ్యి" అన్నాడు. అమ్మ చాయ్ తెచ్చిస్తే ఇద్దరూ తాగారు. ఆయన బిడ్డకు ఏమీ కాలేదని తర్వాత తెలిసింది. అదే మందు, ఒకరికి ఏమీ కాలేదు. ఎందుకని అడగడానికి కూడా ఎవరూ లేరు.

ఇంకో సంగతి కూడా డాక్టరమ్మే చెప్పింది, తర్వాతెప్పుడో పోయినప్పుడు. ఈ రకం కంటి దురద చాలామంది మగపిల్లల్లో వయసు రాగానే దానంతట అదే తగ్గిపోతుందట. అన్నకు కూడా అట్లాగే అయింది. మీసాలు గట్టిపడే నాటికే దురద పోయి ఉంటుంది, చుక్కల అలవాటులో మాకు తెలియలేదు. చుక్కలు మానేశాక మళ్లీ రాలేదు. ఓపిక పట్టి ఉంటే చాలు, పోయే జబ్బు అది. ఈ మాట విన్నప్పటి నుంచి బాపు గిర్ని గది తలుపు తెరవలేదు. కొన్నాళ్లకు పిండి రాయి కూడా ఎవరో వచ్చి పట్టుకుపోయారు.

పోయిన నెల ఇబ్రహీంపట్నం పోయాను. గిర్ని గది ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దానికి పైన ప్లాట్లు అమ్మేవాళ్ల బోర్డు. గునుగు పూసిన బీళ్లలో తారురోడ్లు, వాటికి అటూ ఇటూ రాళ్లు పాతి అంకెలు వేశారు. బతుకమ్మకు పూలు ఎక్కడినుంచో ఆటోలో వస్తాయి, అందరూ రంగు వేసినవే కొంటారు. అన్న అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఎదురుగా ఎవరో ఇల్లు కడుతున్నారు, మిషన్‌తో టైల్స్ కోస్తున్న చప్పుడు ఆగి ఆగి వస్తోంది.

"ఎంత దాక లేసింది ఇల్లు?" అని అడిగాడు అన్న.

రెండో స్లాబు పడిందని, ముందర పెద్ద పిల్లర్లున్నాయని, కిటికీలకు నీలం అద్దాలు పెడుతున్నారని చెప్పాను. ఆయనకు ఇదంతా ఎట్లా కనబడుతుంది, ఆ చోట ఇంకా బీడే ఉంటుంది కదా అనుకొని, "నీకు గా బీడే కనిపిస్తుండొచ్చు గదా అన్నా" అన్నాను.

"మొదట్ల కనవడుతుండె" అన్నాడు. "కండ్లు మూసుకుంటె చాలు, పూతంత ఊగుకుంట కనవడుతుండె. నీ ముఖం గూడ, చిన్నప్పటిది. ఇప్పుడు గవి గూడ సక్కగ వస్తలెవ్వు చెల్లె. ఏదో తెల్లగ ఉన్నట్టుంటది గని, పువ్వా, ముఖమా తెలుస్తలేదు."

 టైల్స్ మిషను మళ్లీ మొదలైంది. అది ఆగే దాకా ఇద్దరం కూర్చున్నాం. తర్వాత అన్న లేచి, గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ లోపలికి పోయాడు.